గాలిమరల తోటకు ఏ కంట్రోల్ అల్గారిథం? మూడు ప్రపోజల్స్ ముందు పెట్టుకుని వేసిన లెక్క

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం సాయంత్రం కర్నూలు కుర్రాడొకడు మూడు ప్రపోజల్స్ పట్టుకుని చెన్నై వేళచ్చేరిలో మా ఇంటికి వచ్చాడు. తమిళనాడు దక్షిణాన 24 గాలిమరలున్న విండ్ ఫార్మ్‌లో ఆపరేషన్స్ చూస్తాడు. ఒక్కోటి 2 మెగావాట్లు, మొత్తం 48.

"అన్నా, ముగ్గురూ ఉత్పత్తి పెంచుతామనే అంటున్నారు. ఒకరు ఏఐ అంటున్నారు, ఒకరు వేక్ స్టీరింగ్ అంటున్నారు, ఇంకొకరు ముందు వరస మెషిన్లను కాస్త తగ్గించి నడిపితే చాలంటున్నారు. సోమవారం మా ఎండీ గారికి ఏదో ఒకటి చెప్పాలి. ఏది తీసుకోమంటారు?" అన్నాడు.

రాత్రి పదకొండు దాకా కూర్చుని లెక్కలు వేశాం. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను. చెన్నైలోనూ బెంగళూరులోనూ కూర్చుని ఎక్కడో కొండల మీద తిరిగే గాలిమరలను స్కాడా (దూరం నుంచే మెషిన్లను గమనించే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీద చూసుకునే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు అందరి టేబుల్ మీదకీ వస్తుంది.

ముందు డబ్బు సంగతి. 48 మెగావాట్ల ఫార్మ్, పీఎల్ఎఫ్ (పూర్తి సామర్థ్యంలో నిజంగా వచ్చే ఉత్పత్తి వంతు) 30 శాతం అనుకుంటే ఏడాదికి దాదాపు 12.6 కోట్ల యూనిట్లు. అందులో ఒక్క శాతం అంటే 12.6 లక్షల యూనిట్లు. మాటవరసకు యూనిట్ 3 రూపాయలు అనుకున్నా 38 లక్షలు. కొత్త టవర్ లేదు, కొత్త బ్లేడ్ లేదు, కొత్తగా భూమి కొననక్కర్లేదు. ఒక్క శాతమే కదా అని కొట్టిపారేయకూడదు. ఆ ఒక్క శాతం నిజంగా వచ్చిందని రుజువు చేయడం మాత్రం చాలా కష్టం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎవరికి వారే యమునా తీరే

ఇప్పుడు మన ఫార్మ్‌లు చాలావరకు నడిచే పద్ధతి ఇదే. గాలి తక్కువగా ఉన్నప్పుడు ప్రతి టర్బైన్ కంట్రోలర్ తన రోటర్ (బ్లేడ్ల చక్రం) వేగాన్ని చూసుకుని, ఆ వేగపు వర్గానికి తగినట్టు జనరేటర్ టార్క్ పెడుతుంది. దాంతో బ్లేడ్ కొస వేగానికీ గాలి వేగానికీ మధ్య సరైన నిష్పత్తి నిలుస్తుంది. గాలి రేటెడ్ వేగం (మెషిన్ పూర్తి పవర్ ఇచ్చే వేగం) దాటితే బ్లేడ్లను పిచ్ చేసి, అంటే వాటి వాలు మార్చి, పవర్‌ను అక్కడే ఆపుతుంది. గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ రోటరూ లాగలేదని బెట్జ్ వందేళ్ల కిందటే తేల్చాడు. ప్రతి మెషినూ ఆ హద్దుకు ఎంత దగ్గరగా వెళ్లగలనా అనే చూస్తుంది. వెనక నిలబడ్డవాడి సంగతి దానికి పట్టదు.

వెనకవాడికి మిగిలేది గాలి నీడ. మన భాషలో వేక్. రోటర్ దాటిన గాలి వేగం తగ్గి, సుడులు తిరుగుతూ పోతుంది. పవర్ గాలి వేగపు ఘనంతో మారుతుంది కాబట్టి చిన్న తగ్గుదలే పెద్ద దెబ్బ అవుతుంది. డెన్మార్క్‌లోని రిసో ప్రయోగశాలలో జెన్సన్ 1983లో ఇచ్చిన సులువైన సూత్రం ఇప్పటికీ అందరూ వాడతారు. రోటర్ వ్యాసం 100 మీటర్లు, వెనక మెషిన్ 500 మీటర్ల దూరంలో సరిగ్గా నీడలో ఉందనుకోండి. భూమి మీద ఫార్మ్‌లకు వాడే మామూలు విలువలు పెడితే వెనక మెషిన్‌కు చేరే గాలి 78 శాతం, దాని పవర్ 48 శాతం. అంటే ముందువాడు 100 తీస్తే వెనకవాడికి సగం కూడా రాదు. అదే 700 మీటర్లయితే 60 శాతం దాకా వస్తుంది. తమిళనాట చాలాకాలంగా వినిపించే 5డి × 7డి దూరాల లెక్క (డి అంటే రోటర్ వ్యాసం) వెనక ఉన్న కారణం ఇదే.

ఈ కుర్రాడి ఫార్మ్‌లో చాలా మెషిన్లు 7డి దూరంలోనే ఉన్నాయి. స్థలం కుదరకనో, పక్క ప్లాటు దొరకకనో నాలుగు మాత్రం పడమటి గాలికి ఒకదాని వెనక ఒకటిగా 5డి దూరంలో నిలబడ్డాయి. లేఅవుట్ మ్యాప్ మీద ఆ నాలుగింటి చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీశాను.

అల్గారిథం కొనే ముందు విండ్ వేన్ చూడండి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు ఇది బాగా అనుభవమైన విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట కర్ణాటకలో ఒక ఫార్మ్ డేటా చూస్తున్నప్పుడు ఒక మెషిన్ పవర్ కర్వ్ (ఏ గాలి వేగానికి ఎంత పవర్ వస్తుందో చూపే గీత) మిగతావాటికంటే కిందికి కనిపించింది. బ్లేడ్లకు దుమ్ము పట్టిందన్నారు, కడిగారు. మారలేదు. జనరేటర్ అన్నారు, చూశారు. ఏమీ లేదు. చివరికి నేనూ టెక్నీషియనూ పైకెక్కి నాసెల్ (టవర్ మీద జనరేటర్ ఉండే పెట్టె) పైకప్పు మూత తీసి బయటికి తల పెట్టాం. గాలి దిక్కు చూపే విండ్ వేన్ బిగించిన క్లాంప్ దగ్గర పాత మార్కర్ గీత ఒక చోట ఉంది, కొత్త వేన్ సున్నా గుర్తు ఇంకో చోట ఉంది. అంతకుముందు సర్వీసులో వేన్ మార్చినవాళ్లు కంటి అంచనాతో బిగించి దిగిపోయారు. కొలిస్తే దాదాపు ఎనిమిది డిగ్రీలు తేడా. ఆ మెషిన్ పాపం రోజంతా, గాలికి ఎదురుగానే ఉన్నాననుకుని ఎనిమిది డిగ్రీలు పక్కకు చూస్తూ నడిచింది.

ఎనిమిది డిగ్రీల పక్కచూపుకు పవర్‌లో పోయేది సుమారు 2 నుంచి 3 శాతం. వేక్ స్టీరింగ్ ఏడాది మొత్తం మీద తెచ్చేదానికంటే ఇది ఎక్కువ! ఎవరైనా అల్గారిథం అమ్మడానికి వస్తే ముందు మీ 24 మెషిన్ల వేన్‌లు ఎటు చూస్తున్నాయో తేల్చుకోండి. పది నిమిషాల స్కాడా డేటాలో గాలి వేగాల వారీగా విడదీసి, వేన్ కోణాన్ని బట్టి పవర్ ఎలా మారుతోందో గ్రాఫ్ గీస్తే శిఖరం సున్నా దగ్గర ఉండాలి. పక్కకు జరిగి ఉంటే అనుమానించాలి. ఖాయం చేసుకోవడానికి నాసెల్ మీద పెట్టే లైడార్‌ను (లేజర్‌తో గాలిని కొలిచే పరికరం) కొన్ని వారాలు అద్దెకు తెచ్చుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. వేన్ రోటర్ వెనక ఉంటుంది, తిరిగే బ్లేడ్లు మెలిపెట్టి వదిలిన గాలినే అది చూస్తుంది. ఆ సవరణ సరిగ్గా లేకపోతే వేక్ స్టీరింగ్ చేసినా ఎటు తిప్పుతున్నామో మనకే తెలియదు.

ముందువాణ్ని తగ్గించి నడపడం

మూడో కంపెనీ ప్రపోజల్ ఇదే. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ముందు మెషిన్ పిచ్‌ను కొద్దిగా మార్చి తక్కువ లాగమంటే, వెనకవాటికి ఎక్కువ గాలి మిగులుతుంది. బెట్జ్ శిఖరం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ముందువాడు 2 శాతం పవర్ వదులుకుంటే గాలి మీద అతను పెట్టే ఒత్తిడి 9 శాతం తగ్గుతుంది. ఇదే జెన్సన్ సూత్రంలో పెడితే 500 మీటర్ల దూరంలో వెనకవాడి పవర్ 48 నుంచి దాదాపు 55 శాతానికి ఎక్కుతుంది. ఇద్దరిదీ కలిపితే 3 శాతం లాభం. ప్రపోజల్‌లో వేసిన రంగురంగుల గ్రాఫ్ ఈ లెక్కే.

ఇబ్బంది ఎక్కడంటే, గాలి ఆ సూత్రంలా నడవదు. జెన్సన్ లెక్కలో వేక్ అడ్డంగా ఎక్కడ చూసినా ఒకే వేగంతో ఉన్నట్టు తీసుకుంటారు. అసలు వేక్ మధ్యలో లోతుగా, అంచుల్లో పలచగా ఉంటుంది. ముందువాడు వదిలిన శక్తిలో ఎక్కువ భాగం అంచుల్లోంచి పోతుంది, వెనక రోటర్‌కు పూర్తిగా తగలదు. సూక్ష్మంగా గాలి ప్రవాహాన్ని లెక్కించే సిమ్యులేషన్లు చేసి చూసిన పరిశోధకులు 2016లోనే ఈ మాట చెప్పారు. సులువు సూత్రం చూపించే లాభంలో చాలా భాగం కరిగిపోతుందని వాళ్లు తేల్చారు. యూరప్‌లో చేసిన ఫీల్డ్ పరీక్షల్లోనూ కనిపించిన లాభం చిన్నదే.

ఉత్పత్తి పెంచడానికైతే నేను దీన్ని తీసుకోమనను. అలాగని తీసిపారేయనూ లేను. గ్రిడ్ నుంచి తగ్గించమని ఆదేశం వచ్చిన రోజుల్లో ఎవరిని ఎంత తగ్గించాలి అన్న ప్రశ్నకు దీని జవాబు బాగుంటుంది. అందరినీ సమానంగా నరకకుండా ముందు వరసను తగ్గిస్తే వెనకవాటి మీద సుడిగాలి దెబ్బలు తగ్గుతాయి, గేర్‌బాక్స్‌లకు ఊపిరి ఆడుతుంది.

పక్కకు తిప్పి నీడను తప్పించడం

గాలికి ఎదురుగా తల తిప్పుకోవడాన్ని మనం యా అంటాం. వేక్ స్టీరింగ్‌లో ముందు మెషిన్‌ను కావాలనే 15 – 20 డిగ్రీలు పక్కకు పెడతారు. అప్పుడు దాని నీడ వంగి, వెనకవాణ్ని కొంత తప్పించి పోతుంది. నా దృష్టిలో ఇప్పటికి ఫీల్డ్‌లో గట్టిగా నిలబడిన పద్ధతి ఇదే. అందుకే దీని మీద ఎక్కువ సేపు మాట్లాడాం.

20 డిగ్రీలు తిప్పితే ముందువాడికి పోయేది మెషిన్‌ను బట్టి సుమారు 11 నుంచి 17 శాతం. చాలా ఎక్కువ. వెనకవాడు 48 నుంచి 70కి ఎక్కాడని అనుకుందాం. మొత్తం 148 ఉన్నది, నష్టం 11 అయితే 159, నష్టం 17 అయితే 153 అవుతుంది. లాభమే. అయితే నీడ సరిగ్గా వెనకవాడి మీద పడుతున్నప్పుడు మాత్రమే ఈ లెక్క. గాలి పది డిగ్రీలు పక్కకు జరిగిందనుకోండి, 500 మీటర్ల దూరంలో నీడ మధ్యగీత 87 మీటర్లు జరిగిపోతుంది. వెనకవాడు దాదాపుగా మంచి గాలిలోనే ఉంటాడు. మీరింకా ముందువాణ్ని తిప్పే ఉంచితే ఆ 11 – 17 శాతం ఒట్టి నష్టం.

"అంటే గాలి దిక్కు కచ్చితంగా తెలియాలి" అన్నాడు కుర్రాడు.

"తెలియాలి, స్థిరంగానూ ఉండాలి" అన్నాను.

నిజంగా ఎంత వచ్చింది? స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కెనడాలోని అల్బర్టాలో ఆరు టర్బైన్ల వరస మీద చేసిన పరీక్షను 2019లో ప్రకటించారు. గాలి సరిగ్గా వరస వెంట వచ్చినప్పుడు, అక్కడి సగటు వేగాల దగ్గర 7 నుంచి 13 శాతం పెరిగింది. బాగా తక్కువ గాలిలో 28 నుంచి 47 శాతం దాకా కూడా వెళ్లింది. అమ్మేవాళ్ల స్లైడ్లలో ఈ 47 తప్పకుండా ఉంటుంది, ఈ కుర్రాడు తెచ్చినదాంట్లోనూ ఉంది. అంత తక్కువ గాలిలో అసలు పవరే కొంచెం, కొంచెంలో 47 శాతం కొంచెమే. ఏడాది మొత్తం మీద చూస్తే ఆ లాభం చాలా చిన్నది.

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. ఎంఐటీ పరిశోధకులు మన దేశంలోనే, వాయవ్య భాగంలోని ఒక ఫార్మ్‌లో కొన్ని మెషిన్ల మీద నెలల తరబడి పరీక్షించి 2022లో ఫలితాలు ఇచ్చారు. అన్ని గాలి వేగాలూ కలిపితే 1.2 శాతం, సెకనుకు 6 – 8 మీటర్ల గాలిలో సుమారు 3 శాతం. నేను నమ్మి బడ్జెట్‌లో రాసుకునే అంకె ఇలాంటిది.

దీన్ని నడిపే తీరు రెండు రకాలు. మొదటిది పట్టిక. ఫ్లోరిస్ లాంటి, వేక్‌లను లెక్కించే కంప్యూటర్ మోడల్‌లో మీ లేఅవుట్ పెట్టి, ప్రతి గాలి దిక్కుకూ వేగానికీ ఎవరిని ఎంత తిప్పాలో ముందే లెక్కించి కంట్రోలర్‌లో పెట్టేస్తారు. ఫ్లోరిస్ అమెరికాలోని ఎన్ఆర్ఈఎల్ అనే ప్రభుత్వ ఇంధన ప్రయోగశాల, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం కలిసి తయారు చేసింది. పైథాన్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీ ఇంజనీరే నేర్చుకోవచ్చు. రెండో రకంలో కొలతలు వస్తూ ఉండగా మోడల్ తనను తాను దిద్దుకుంటుంది. మొదలుపెట్టేవాళ్లకు నేను పట్టికే చెబుతాను, ఒక షరతుతో. గాలి దిక్కు కొలతలో ఐదు డిగ్రీల తప్పు ఉంటుందని ముందే ఒప్పుకుని ఆ పట్టికను వేయించాలి. అలా వేస్తే కోణాలు చిన్నవిగా, మార్పులు నిదానంగా వస్తాయి. కాగితం మీద లాభం కొంచెం తగ్గుతుంది, కొండ మీద మిగులుతుంది. ఒక్కో మెషిన్ తన వేన్‌ను మాత్రమే నమ్మకుండా ఇరుగుపొరుగు వేన్‌లన్నీ కలిపి దిక్కు తేల్చుకునే పద్ధతి కూడా ఉంది. అది పెట్టించుకోవడం మంచిది, ఖర్చూ పెద్దగా ఉండదు.

పగలూ రాత్రీ తేడా మరిచిపోకండి. మన ఎండకు మధ్యాహ్నం నేల కాగి గాలి కలబెట్టినట్టు అవుతుంది, వేక్ తొందరగా చెదిరిపోతుంది. రాత్రి గాలి పొరలు పొరలుగా నిలిచి, నీడ దూరం దాకా సాగుతుంది. స్టీరింగ్ ఎక్కువగా ఫలించేది రాత్రే. పగటికీ రాత్రికీ ఒకే పట్టిక ఇచ్చే కంపెనీ దగ్గర ఎందుకలా అని అడగాలి.

ఇక యా మోటార్లు, బ్రేక్ ప్యాడ్లు. కన్యాకుమారి జిల్లాలోని ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర ఒక టవర్ కింద నిలబడి వింటే తెలుస్తుంది. పైన నాసెల్ తిరగడం మొదలైనప్పుడు ముందు బ్రేక్ వదిలిన చప్పుడు, తర్వాత మోటార్ల గురగుర, ఆ తర్వాత టవర్ గోడలోంచి అరికాళ్ల దాకా వచ్చే సన్నటి వణుకు. గంటకు ఎన్నిసార్లు తిప్పిస్తారు అన్నది కాంట్రాక్టులో రాయించుకోవాలి. పక్కకు తిరిగి నడిచే బ్లేడ్ల మీద లోడ్లు కుడికి తిప్పితే ఒకలా, ఎడమకు తిప్పితే ఇంకోలా ఉంటాయి. మెషిన్ తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వారంటీలో ఉన్న మెషిన్‌ను తిప్పొద్దు. 2019 నుంచి సీమెన్స్ గమేసా లాంటి తయారీదారులే ఈ సదుపాయాన్ని సొంతంగా అమ్ముతున్నారు కాబట్టి అడిగితే తప్పేం లేదు.

మోడల్ లేకుండా నేర్చుకునేవి, ముందుచూపువి, ఏఐ

మోడల్ అక్కర్లేదు, మెషిన్లు కొంచెం కొంచెంగా సెట్టింగ్ మార్చి చూసుకుంటూ మంచిదాన్ని పట్టుకుంటాయి అనే పద్ధతులు ఉన్నాయి. 2013లో గేమ్ థియరీతో (ఎవరి నిర్ణయం వారిదైనా ఒకరిది ఇంకొకరి మీద పడే సందర్భాల గణితం) దీన్ని చేసి చూపించారు. ఆలోచన నాకు చాలా ఇష్టం. అడ్డుపడేది సమయం. సెకనుకు 7 మీటర్ల గాలిలో ముందువాడు చేసిన మార్పు 500 మీటర్ల వెనకకు చేరడానికి నిమిషం పైన పడుతుంది. పది మెషిన్ల వరస అయితే చివరివాడికి చేరేసరికి పది నిమిషాలు దాటుతుంది. ఈలోగా గాలే మారిపోతుంది. పెరిగిన పవర్ నా మార్పు వల్లా, గాలి వల్లా అని తేల్చుకోలేక అల్గారిథం తికమక పడుతుంది. పొట్టి వరసలకు, గాలి గంటల తరబడి నిలకడగా ఉండే చోట, పట్టిక వేశాక చివరి మెరుగులు దిద్దడానికి ఇది పనికొస్తుంది.

మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్ ముందుచూపుది. రాబోయే కొన్ని నిమిషాల గాలిని అంచనా వేసి ఇప్పుడేం చేయాలో తేలుస్తుంది. బెల్జియం పరిశోధకులు 2015లో సిమ్యులేషన్‌లో దీనితో 16 శాతం దాకా చూపించారు. అయితే అందులో కంట్రోలర్‌కు గాలి మొత్తం తెలుసు, లెక్కకు సూపర్‌కంప్యూటర్ ఉంది. మన ఫార్మ్‌లో కంట్రోలర్‌కు తెలిసేది 24 వేన్‌లు, 24 అనిమోమీటర్లు (గాలి వేగం కొలిచేవి). గరిష్ఠ ఉత్పత్తి కోసం ఇది ఇంకా దూరం. గ్రిడ్ చెప్పిన అంకెను తప్పకుండా పట్టుకుని నడవాల్సిన పని ఉంటే, అక్కడ ఇలాంటి క్లోజ్డ్ లూప్ పద్ధతులు (ఫలితం కొలిచి వెంటనే దిద్దుకునేవి) నిజంగా బాగుంటాయి.

బ్లేడ్లను విడివిడిగా పిచ్ చేసి వేక్‌ను స్ప్రింగ్‌లా మెలితిప్పి తొందరగా చెదరగొట్టే హెలిక్స్ పద్ధతి డెల్ఫ్ట్ నుంచి 2020లో వచ్చింది. చూడముచ్చటైన ఆలోచన. పిచ్ బేరింగులు అరిగే లెక్క తేలేదాకా మన పాత మెషిన్ల మీద వద్దు.

ఏఐ ప్రపోజల్ అంటే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్, అంటే చేసి చూసి, తప్పులు చేస్తూ నేర్చుకునే పద్ధతి. కుర్రాడి కళ్లు దాని మీదే ఉన్నాయి, నాకు అర్థమైంది. మూడు ప్రశ్నలు రాసి ఇచ్చాను. నేర్చుకోవడానికి వేల తప్పులు చేయాలి కదా, ఆ తప్పులు ఎక్కడ చేస్తుంది, సిమ్యులేటర్‌లోనా నా మెషిన్ మీదా? సిమ్యులేటర్‌లో అయితే, ఆ సిమ్యులేటర్ ఫ్లోరిస్ లాంటిదే అయితే, ఫ్లోరిస్ పట్టిక కంటే ఇది ఎక్కువగా ఏం తెలుసుకుంటుంది? ఎప్పుడూ చూడని గాలి వచ్చినప్పుడు చేయి దాటకుండా ఆపేది ఏది? మంగళవారం ఫోన్ చేసి చెప్పాడు, రెండో ప్రశ్నకు అవతలివాళ్ల దగ్గర జవాబు రాలేదట. ఇంకో రెండు మూడేళ్ల తర్వాత నా మాట మారవచ్చు. ఇవాళ మాత్రం వద్దనే చెబుతాను.

ఏ చోటికి ఏది

ఒకే అల్గారిథం ఒక చోట బంగారం, ఇంకో చోట బరువు. చూడాల్సింది మీ విండ్ రోజ్ (ఏ దిక్కు నుంచి ఎంత గాలి వస్తుందో చూపే చిత్రం), మీ లేఅవుట్.

తమిళనాడు దక్షిణ కొసన ముప్పందల్ వైపు నైరుతి రుతుపవనాల కాలంలో గాలి కనుమలోంచి పడమటి నుంచే తోసుకొస్తుంది. ఆడి (మన ఆషాఢం) గాలికి అమ్మి రాయి (నూరే రాయి) కూడా ఎగురుతుందని ఇక్కడి తమిళులు అనేది ఉత్తినే కాదు. దిక్కు ఇంత స్థిరంగా ఉంటే స్టీరింగ్‌కు భలే అనిపిస్తుంది. కానీ ఆ జోరు గాలిలో వెనక మెషిన్లు నీడలో ఉన్నా రేటెడ్ పవర్‌కు చేరిపోతాయి. అప్పుడు అల్గారిథం సంపాదించేది ఏమీ లేదు. ఫలితం సీజన్ మొదట్లో, చివర్లో, గాలి మధ్యస్థంగా ఉన్న రాత్రుల్లో వస్తుంది. డేటాలో ఆ గంటలు ఎన్నో లెక్కపెట్టుకోవాలి.

అక్కడే 90ల నాటి 225, 250 కిలోవాట్ల చిన్న మెషిన్లు ఇరుకిరుకుగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి పిచ్ లేదు, స్టాల్ మీద నడుస్తాయి (గాలి జోరైతే బ్లేడ్ ఆకారమే పవర్‌ను ఆపుతుంది), వేగం స్థిరం. వాటికి ఏ అల్గారిథమూ వద్దు. ఆ డబ్బు రీపవరింగ్ (పాత మెషిన్లు తీసి పెద్దవి పెట్టడం) ఆలోచనకు పెట్టండి.

అనంతపురం వైపు రామగిరి కొండల మీద, చిత్రదుర్గ కొండల మీద మెషిన్లు గట్టు వెంట గాలికి అడ్డంగా ఒకే వరసలో నిలబడి ఉంటే నీడ సమస్య చిన్నది. పైగా కొండ వాలు గాలిని ఎటు వంచుతుందో చదును నేల కోసం తయారైన మోడల్‌కు తెలియదు. అక్కడ వేన్ సవరణ, పవర్ కర్వ్ కాపలా, అంతే. స్టీరింగ్ ప్రపోజల్ వస్తే మర్యాదగా తిప్పి పంపేయొచ్చు.

చదును నేల, వరస వెనక వరస, దూరం 5డి దగ్గర, మధ్యస్థమైన గాలి, యజమాని ఒక్కరే. ఇలాంటి ఫార్మ్ మీదైతే స్టీరింగ్ పట్టిక ఈ ఏడాదే మొదలుపెట్టండి.

యజమాని ఒక్కరే అన్న మాట ఊరికే రాయలేదు. మన దగ్గర ఒకే మైదానంలో ముందు మెషిన్ ఒక స్పిన్నింగ్ మిల్లుది, వెనకది ఒక సిమెంట్ కంపెనీది కావడం మామూలే. ముందువాడు తల తిప్పి 11 శాతం పోగొట్టుకుంటే లాభం పక్కవాడి మీటర్‌లో పడుతుంది. ఏ మిల్లు యజమాని ఒప్పుకుంటాడు? మీటర్లు కలిపి లెక్కించి పంచుకునే ఒప్పందం ముందు కుదరాలి. అది కుదరని చోట ఎంత మంచి అల్గారిథమైనా ఫైల్లోనే ఉంటుంది. విదేశీ పేపర్లు చదివి మన ఫార్మ్‌లను అంచనా వేసేవాళ్లు ఈ సంగతి తరచుగా మరిచిపోతారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఎక్కువ నీడ పడేది సరిగ్గా ఇలాంటి ఇరుకు మైదానాల్లోనే.

లాభం వచ్చిందని ఎలా నమ్మాలి

పోయిన ఏడాది జూలైతో ఈ ఏడాది జూలైని పోల్చి చూపిస్తే ఒప్పుకోకండి. ఏడాదికీ ఏడాదికీ గాలి మారే మార్పులో మీ ఒక్క శాతం ఎక్కడ మునిగిపోయిందో కూడా కనపడదు. అల్గారిథాన్ని ఒక గంట ఆన్, ఒక గంట ఆఫ్, ఇలా సీజన్ అంతా మార్చి మార్చి నడపాలి. నీడ పడని, తిప్పని ఒక మెషిన్‌ను కొలబద్దగా పెట్టుకోవాలి. ఒకే దిక్కు, ఒకే వేగం ఉన్న ఆన్ గంటలనూ ఆఫ్ గంటలనూ పక్కపక్కన పెట్టి, ముందువాడి నష్టం కూడా కలిపి, మొత్తం యూనిట్లు చూడాలి. వెనకవాడి లాభం ఒక్కటే చూపించే నివేదికలు నేను చూశాను. డబ్బులు ఈ ఆన్ – ఆఫ్ ఫలితం మీద ఆధారపడి ఇచ్చేలా కాంట్రాక్టు రాయించండి. నిజంగా పని తెలిసిన కంపెనీ దీనికి వెనకాడదు. వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

కుర్రాడు మంచినీళ్లు తాగి, మ్యాప్ మీద నేను గీసిన పెన్సిల్ గుండ్రాన్ని మళ్లీ చూశాడు. "అయితే అన్నా, 24 మెషిన్లకు కాదన్నమాట. ఈ నాలుగింటికే."

"ఈ నాలుగింటికే. అంతకంటే ముందు 24 వేన్‌లు."

సోమవారం ఎండీ గారి ముందు అదే పెట్టాడు. గాలి తగ్గే అక్టోబరు తర్వాత వేన్‌లన్నీ కొలిచి దిద్దడం, చలికాలంలో ఫ్లోరిస్‌లో నాలుగు మెషిన్ల పట్టిక వేసుకోవడం, తయారీదారు నుంచి యా కోణాలకు ఒప్పుకోలు తెచ్చుకోవడం, వచ్చే మేలో సీజన్ మొదలవగానే గంట ఆన్ గంట ఆఫ్. ఎండీ గారు ఏఐ ఎందుకు వద్దన్నావని రెండుసార్లు అడిగారట. మొన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. నాసెల్ పైకప్పు మీద వేన్ క్లాంప్, పక్కన డిజిటల్ యాంగిల్ గేజ్. ఏడో నంబర్ మెషిన్‌ది, ఆరున్నర డిగ్రీలు పక్కకు ఉంది. ఇంకా పదిహేడు కొలవాలి.